ముప్పై నిమిషాల చీకటి

ఈ ఊళ్లో గాలికి పళ్లుంటాయి.
కిటికీ చువ్వల్ని, స్కూటర్ మడ్‌గార్డుని,
మా ల్యాబు గేటు తాళాన్ని
ఉప్పగా, తాపీగా కొరుకుతుంది.
తుప్పంటే కాలిపోవడమే,
కాకపోతే మంట కనపడదు.
మొదటి రోజున మేడమ్ చెప్పిన మాట.
అప్పట్నుంచి అద్దంలో
నా కళ్ల కింద కూడా అదే వెతుక్కుంటున్నాను.

మేఘాద్రి గెడ్డలో మొలలోతు నీళ్లలో
కంట్రాక్టు కూలీ నూకరత్నం
గుర్రపుడెక్క పీకుతోంది.
పీకినచోట నీరు కన్ను తెరుస్తుంది,
పదిహేను రోజుల్లో మళ్లీ మూసుకుంటుంది.
"రెండు కట్టలు కావాలి" అన్నాను.
"కట్టలేటి, లారీడు ఎత్తుకుపో!
గొడ్డు తినదు, పొయ్యిలో మండదు,
జిల తప్ప ఏటీ రాదు"
మోచేతి దద్దుర్లు చూపించింది.

మూడు నీళ్లకీ బురద వదల్లేదు.
నీడలోనే ఆరబెట్టాలి, ఎండ తగిలితే గుణం పోతుంది.
మా అమ్మమ్మ కరివేపాకుకి చెప్పినదే
ఇక్కడ పద్ధతుల పుస్తకంలో ఉంది.
పొడిచేసి, మెథనాల్లో నానబెట్టి, వడగట్టి
చుక్క చుక్కగా అడిగాను.
కుదిపితే నురగ నిలిచింది,
కుంకుడుకాయకి దూరపు చుట్టమట.
ఫెర్రిక్ క్లోరైడు పడగానే నల్లబడింది,
కరక్కాయ సిరాలా.
ఎవరికీ అక్కర్లేని ఆకు
ఎవరి కోసం దాచింది ఇదంతా?

ఇక అసలు పరీక్ష.
గాజు గొట్టంలో ఊదా ద్రావణం.
ఒక్క ఎలక్ట్రాన్ తక్కువై
ఎవరిది లాక్కుందామా అని తిరిగే ఆకలి అది.
అందులో ఆకు సారం వేసి
బీరువాలో పెట్టి తలుపు మూయాలి.
ముప్పై నిమిషాలు.
ఈలోగా నాకు పని లేదు.
కిటికీలో సముద్రం,
లంగరేసిన ఓడల తుప్పు పొట్టలు,
ఫెలోషిప్పు రాని నాలుగో నెల.
లోపల చీకట్లో, చప్పుడు లేకుండా,
ఒక కలుపు మొక్క తనది ఇచ్చేస్తోంది.

తలుపు తీస్తే ఊదా లేదు.
లేత పసుపు.
గెడ్డలో ఆ పువ్వు రేకూ ఊదానే,
రేకు మీది మచ్చా పసుపే.
ఇన్నాళ్లూ చూస్తూ కూడా చూడలేదు.

రెండో రిపోర్టు శుక్రవారం వచ్చింది.
వేళ్ల నిండా సీసం.
ఏ కాలువ తెచ్చి పోసిందో
కాదనకుండా తాగేసింది.
నా నోట్‌బుక్కులో ఎడమ పేజీ మందు, కుడి పేజీ విషం,
మధ్యలో కుట్టు దారం.

మళ్లీ గెడ్డకి వెళ్లాను.
"ఏటి తేలింది?" అంది నూకరత్నం.
చెప్పాను, నాకు తెలిసినంత తెలుగులో.
విని, చెయ్యి గోక్కుంటూ
"ఈ దద్దురికి పనికొస్తాదా మరి?" అంది.
నా అంకెల్లో ఆ జవాబు లేదు.
సంచిలోంచి ల్యాబు గ్లవ్సు జత తీసిచ్చాను, ఊదావే.
ఒకటి తొడుక్కుంది, బిగుతు.
రెండోది నోటితో ఊది, ముడేసి
గట్టు మీది మనవడికి విసిరింది.
అయిదు వేళ్ల బుడగ
గాలికి ఎగిరి, నీళ్ల మీద పడి,
పువ్వుల్లో కలిసిపోయింది.
వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.
ఆమె మళ్లీ దిగింది.