నీ దుంప తెగ

తాతబ్బాయి గారు
కుక్కని కూడా "తప్పుకోండి" అనే మనిషి.
ఆయ్, నిజమే. నేను విన్నాను.
కౌంటు బాగున్నా రేటు కోసేసిన కంపెనీ కుర్రాడికి
బొండం కొట్టించి, స్ట్రా వేయించి,
"మళ్ళీ రండి" అన్నారు.
కొట్టింది నేనే. కత్తి నా చేతిలో ఉంది కాబట్టి
బాగా గుర్తు.

లోసరి చెరువుల మీద రాత్రి రెండింటికి
కరెంటు పోయింది.
ఏరేటర్లు ఒక్కొక్కటే నిలబడిపోయి
నీళ్ళు నోరు మూసుకున్నాయి.
జనరేటరు తాడు లాగారు. దగ్గింది.
లాగారు. దగ్గింది.
అప్పుడొచ్చింది ఆయన నోట,
ముందు చిన్నది: "నీ దుంప తెగ!"
తర్వాత దాని అమ్మ, అమ్మమ్మ,
ఇనుముకి ఇంత వంశం ఉంటుందని
నాకప్పటిదాకా తెలీదు.
ఆ గొంతు ఆయనది కాదు.
ఎడ్లబండి తోలిన వాళ్ళ నాన్నది.
నేనాయన్ని చూళ్ళేదు గానీ
టార్చిలైటు వెలుగులో
బురదలో దిగబడిన చక్రం మాత్రం కనిపించింది.

బొండం తాగి వెళ్ళినవాడికి చెందాల్సినవి
మూడు నెలలు దాచి
జనరేటరు మీద ఖర్చుపెట్టేశారు.
తిరిగి అనలేనిదాన్నే అంటాం మనం.
మా ఆవిడ అలిగిన పూట
నేను స్టవ్వుని తిట్టినట్టు.

నాలుగింటికి అంటుకుంది ఇంజను.
తెల్లారేసరికి గట్టు వారన
రొయ్యలు ఎర్రబడి పోగుపడ్డాయి,
కొంగలకి తీరిక లేదు.
ఆయన చెప్పులు విడిచి
జతగా సర్దిపెట్టి కూర్చున్నారు.
"మేత బస్తాలు లోపల పెట్టించండి" అన్నారు నాతో
మెల్లగా, మర్యాదగా.
ఆ "అండి"కి నా కాళ్ళు వణికాయి.
రాత్రి అంత తిట్టినప్పుడు కూడా భయం వెయ్యలేదు.
తిట్టేవాడికి ఇంకా
ఎవరో వింటారన్న ఆశ ఉంటుంది.

మా అమ్మ ఆత్రేయపురం లంకల్లో కంద నాటేది.
దుంప తెగ్గొయ్యకపోతే మొలకెక్కడిదిరా అనేది,
ముక్కకో కన్నుండేలా చూసి మరీ కోసేది.
ఆ కత్తి చేత్తోనే నన్ను
ఆ తిట్టే తిట్టేది.

ఇదంతా చెబుదామని నోరు తెరిస్తే
"తిట్టండి బాబూ, నన్నయినా తిట్టండి"
అని మాత్రం వచ్చింది.

చాలాసేపు నా వంక చూశారు.
చెరువు వంక చూశారు.
"నీ దుంప తెగ,
టీ పెట్టరా" అన్నారు.

షెడ్డులోకి పరిగెత్తాను.
స్టవ్వు మూడుసార్లు గీసినా వెలగలేదు.
దాన్ని ఒక్క మాట అనలేదు నేను.