మీటరు చూసేవాడు

రైలుకట్టకి ఇటు నూట నలభై మీటర్లు,
అటు రెండొందల పది.
ఇరవై ఆరేళ్లుగా రెండువైపులా
ఇనపమూతలెత్తి, వంగి, అంకెలు రాసుకునే ఉద్యోగం నాది.
అలబామాలోని ఈ చిన్న ఊళ్లో ఎవరి దాహం ఎంతో
పాస్టరు కన్నా నాకే బాగా తెలుసు.

మంగళవారం రాత్రి
మా రంగు మనిషి, అందులోనూ ఆడమనిషి,
దేశానికి అధ్యక్షురాలైంది.
ఓజెల్లా టార్వర్ వరండాలోకి టీవీ లాక్కొచ్చారు.
పిల్లలు మూకుళ్ల మీద గరిటెలతో దరువేశారు.
డెబ్బై ఎనిమిదేళ్ల ఓజెల్లా మాత్రం
బూట్లు విప్పేసి పాదాలకేసి చూస్తూ కూర్చుంది.
ఏడుస్తున్నావా అంటే
"లేదురా, కాళ్లు తడుపుకోవాలనుంది" అంది.

బుధవారం పొద్దున
మీటరు ముళ్లు నిన్నటిలాగే తిరుగుతున్నాయి.
కట్టకి అటు, గేటు దగ్గర, హార్లన్ స్ట్రౌడ్.
ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది నా పేరడిగాడు.
లూషియస్ అన్నాను.
"మీవాళ్లకి నా అభినందనలు" అన్నాడు.

మీవాళ్లకి.

ఆ మాటని జేబులో వేసుకుని నాలుగు వీధులు నడిచాను.
ముట్టిందెంతో, ఇంకా రావాల్సిందెంతో
లెక్క తేలలేదు.
ఆవిడ నీక్కూడా అధ్యక్షురాలే కదయ్యా
అని నోటిదాకా వచ్చింది.
నోట్లోనే ఉంది.

ఆఫీసులో మా సూపర్‌వైజరు
కాఫీ కలుపుకుంటూ అన్నాడు:
ఇక ఆ పాత గొడవలన్నీ తీరిపోయినట్టేగా!
కౌంటరు దగ్గరి కుర్రాడు, మావాడే,
తలెత్తకుండా అన్నాడు: ఏదీ మారలేదు, మారదు.
ఇద్దరికీ తొందరే.
ఒకడికి పుస్తకం మూసేయాలని,
ఇంకొకడికి తెరవకుండానే పారేయాలని.

కోర్టు వెనక ఒక పొడవాటి పచ్చిక ఉంది.
ఎండాకాలం అన్నిటికన్నా ముందు
అదే పసుపెక్కుతుంది, నలుచదరంగా,
కింద సిమెంటు ఉంది కనక.
మా ఊరి ఈతకొలను అది.
అందర్నీ దిగనివ్వమని తీర్పొచ్చిన వారంలో
ఊరిపెద్దలు రాత్రికి రాత్రి
నలభై లారీల ఎర్రమట్టితో పూడ్చేశారు.
మనకి లేకపోయినా ఫరవాలేదు,
వాళ్లకి ఉండకూడదు.
ఓజెల్లా అప్పటికే
పసుపుపచ్చ గుడ్డతో ఈతబట్టలు కుట్టుకుంది.
అవి ఇప్పటికీ తడవలేదు.

ఆ కొలను మీటరు నా జాబితాలో ఇంకా ఉంది.
ఖాతా మూసేయడం ఎవరికీ గుర్తు రాలేదు.
ప్రతి నెలా మూతెత్తి
కదలని అంకె రాసి వస్తాను: 4417.

శుక్రవారం హార్లన్ మళ్లీ గేటు దగ్గరే ఉన్నాడు.
అక్కడ మీటరుందా ఇంకా, అనడిగాడు.
ఉందన్నాను. ఎంత చూపిస్తోందన్నాడు.
చెప్పాను.
చాలాసేపు గేటు గడియని అటూ ఇటూ జరిపాడు.
"మూడో లారీ మా నాన్నది.
పక్కసీట్లో నేనున్నాను.
అప్పుడప్పుడే నీళ్ల మీద తేలడం నేర్చుకుంటున్నాను.
ఆ తర్వాత మళ్లీ ఎక్కడా దిగలేదు."

క్షమించమని అనలేదు.
నేనూ క్షమించలేదు.
క్షమించడానికి ఆ బట్టలు కుట్టుకున్నది నేను కాదుగా.

ఓజెల్లాకి చెప్తే
పళ్లసెట్టు సర్దుకుంది.
"అయితే పార పట్టుకు రమ్మను.
మాట్లాడటం తర్వాత."

వాడు వస్తాడా? నాకు తెలీదు.
ఒక్క పేరు పక్కన గీసిన గుర్తు
నలభై లారీల మట్టిని లేపుతుందా?
లేపదు, నేను చాలా బరువులు చూశాను.
కాకపోతే,
ఇన్నాళ్లూ ఆ పచ్చిక మీంచి
కుక్కని తిప్పుకుంటూ వెళ్లిన మనిషి
ఒక పొద్దున ఆగి
తన కాళ్ల కిందికి చూసుకున్నాడు.
దాన్ని ఏ గడిలో రాయాలో
మా పుస్తకంలో లేదు.

ఈ నెల కూడా వంగి మూతెత్తాను.
ఒక సాలీడు, కాస్త తుప్పు.
4417 అని రాసి
చెవి దగ్గరపెట్టి విన్నాను, ఎందుకో.