తాలు

ఆ పేరు నేనే పెట్టాను.
ఎరుపు మీద తెల్లమచ్చ పడ్డ కాయని
మా షెడ్డులో తాలు అంటాం, ఏరి పక్కన పోస్తాం.
ఇదీ అంతే. ఎర్రటి ఒళ్ళు,
నడుం మీద ఎవరో సున్నం చల్లినట్టు.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
గోతాల మధ్య పుట్టింది.
వాచ్‌మన్ యేసురత్నం పని మానేసి పోతూ
"అక్కా, తుమ్ములు తప్ప దీనికి ఇంకే రోగమూ లేదు"
అని తాడు నా చేతిలో పెట్టాడు.
ఒక సంగతి మాత్రం చెప్పలేదు.
గోతం మీద తప్ప అది ఒంటేలుకి కూర్చోదు.

నాది మేడ మీద ఒంటిగది. ఇరవై రెండు మెట్లు.
మార్గశిరంలో, తెల్లారగట్ల నాలుగున్నరకి తలుపు తీస్తే
తాలు గడప మీదే ఆగిపోయిద్ది.
ముందుకాళ్ళు బయట, వెనక్కాళ్ళు ఇంట్లో.
నాకు అర్థం కావడానికి వారం పట్టింది.
దానికి చలంటే కాలం కాదు.
చలంటే ఇనప తలుపు.
తెరిస్తే లోపల్నించి పొగలాగా వచ్చేది,
ఆ వెనకే ఎవరిదో ఒకరి కాలు లేచేది.

మెట్ల మీద వరసగా మూడు రోజులు పోసింది.
సౌభాగ్యమ్మ గారు ఫినాయిలు సీసా తెచ్చి
నా గడప ముందు పెట్టి, ఏమీ అనకుండా దిగిపోయింది.
తిట్టినా బాగుండేది.

శనివారం షెడ్డు నుంచి చిరుగుల గోతం ఒకటి తెచ్చాను.
దులిపాను, ఉతికాను, మళ్ళీ ఉతికాను.
ఘాటు పోయింది, గోతం వాసన పోలేదు.
కరెంటు స్తంభం పక్కన ఇసక మీద పరిచాను.
నా పాత స్వెట్టరు చెయ్యి కత్తిరించి దానికి తొడిగాను.
తొడిమలు తీసిన చేతులు నావి,
కొబ్బరినూనె పట్టించి సబ్బుతో రెండుసార్లు కడిగాకే
ఎత్తుకుని దిగాను. పదకొండు కిలోలు.

గోతం మీద నిలబడి వణికింది.
అప్పుడు నా నోట్లోంచి దానంతటదే వచ్చింది,
శ్శ్శ్శ్...
మా అమ్మ నన్ను పెరట్లో గోలెం పక్కన నిలబెట్టి
చేసిన చప్పుడు.
నలభై ఏళ్ళు నాలో ఎక్కడ దాక్కుందో.

పాల పాకెట్ల నాగుల్ మీరా సైకిలాపి
"ఎవరికి పిన్నీ ఆ ఈల?" అన్నాడు.
"నీకే, రా" అన్నాను.
వాడి నవ్వుకి తాలు బెదిరి మెట్లెక్కేసింది.
ఆ పూట మళ్ళీ ఫినాయిలు.

ఎన్ని పొద్దులో లెక్కపెట్టలేదు.
ఒకరోజు పోసింది.
సగం గోతం మీద, సగం ఇసక మీద.
వీధి లైటు కింద సన్నగా ఆవిరి లేచింది,
టీ గ్లాసు మీంచి లేచినట్టు.
కొంగు ముడి విప్పి ఉడికిన గుడ్డు ముక్క పెట్టాను.
ఇరవై ఏళ్ళుగా తొడిమలు తీస్తున్నా
ఒక్క బస్తాకీ నన్నెవరూ మెచ్చుకోలేదు.
నేను మాత్రం ఒంటేలు పోసినందుకు దీన్ని
రాణీ అన్నాను, బంగారం అన్నాను,
నడివీధిలో, దోమల మధ్య.

ఆ తర్వాత కత్తెర పట్టాను.
గోతం తువ్వాలంత అయింది, జేబురుమాలంత అయింది.
మాఘం వచ్చేసరికి అరచేతంత పీలిక.
శివరాత్రికి చలి శివశివా అని పోయిద్దంటారు.
అది పోకముందే ఒక తెల్లారుజామున
పీలిక తేవడం మర్చిపోయాను.
కిందికొచ్చాక గుర్తొచ్చింది.

తాలు స్తంభం వాసన చూసింది.
మూడు చుట్లు తిరిగింది.
నా వంక చూసింది.
చప్పుడు చేద్దామంటే
చలికి పళ్ళు టకటకమంటున్నాయి.
అది నా కోసం ఆగలేదు. కూర్చుంది.

పైకెళ్ళి చూస్తే పీలిక కిటికీ ఊచకి ఆరేసే ఉంది.
సీసాలో ఫినాయిలు ఇంకా సగం ఉంది.
సౌభాగ్యమ్మ గారికి ఇచ్చెయ్యాలి,
మెట్లు దిగేటప్పుడు.