తోక తీసేసిన క్రియలు

సూళ్ళూరుపేట లోకల్లో కిటికీ పక్క సీటు దొరికితే
గుమ్మిడిపూండి దాటేలోపు పది క్రియలకి తోకలు కోస్తాను.
ఆబ్లార్, మాట్లాడటం. చివరి ర్ తీసెయ్: ఆబ్లా. మాట్లాడు.
కోమెర్, తినడం. ర్ తీసెయ్: కోమె. తిను.
ఆబ్రీర్ లాంటివైతే ర్ తో పాటు ఇ కూడా దిగిపోయి
ఆ సీట్లోకి ఎ ఎక్కుతుంది. ఆబ్రె. తెరువు.
ఈలోగా పొన్నేరిలో చేపల గంపలు ఎక్కుతాయి,
నా నోట్‌బుక్ ఒళ్ళోంచి గుండెల మీదికి జరుగుతుంది.

ముత్తళగి టీచర్ శనివారం క్లాసులో చెప్పింది:
ఈ నెల 'చెయ్' మాత్రమే, 'చెయ్యకు' వచ్చే నెల.
ఆస్పత్రి మనిషిని, నవ్వొచ్చింది నాకు.
మా గోడల నిండా వచ్చే నెల పాఠాలే.

మర్యాదకి మనం చివర ఓ 'అండి' కప్పుతాం, శాలువాలా.
వాళ్ళ దగ్గర అచ్చులు పీటలు మార్చుకుంటాయి.
ఆ కూర్చున్న చోట ఎ, ఎ కూర్చున్న చోట ఆ.
ఆబ్లె, మాట్లాడండి. ఆబ్రా, తెరవండి.
కోమా, తినండి.

మూడో అంతస్తు, పదకొండో మంచం.
ఎల్వీరా గారు, అరవై ఎనిమిదేళ్ళు,
చెల్లెలితో మహాబలిపురం రాళ్ళు చూడ్డానికి లీమా నుంచి వచ్చి
ఆ ఎండలో ఓ మెట్టు మీద పోగొట్టుకుంది
కుడి చెయ్యి, సగం మూతి, మొత్తం మాట.
నా పని మాట నేర్పడం. అంతకన్నా ముందు, మింగడం.

ఇడ్లీని పాలలో మెత్తగా మెదిపి స్పూను అంచున పెట్టి
'కోమా, సెన్యోరా' అన్నాను మొదటిరోజు.
సెల్వరాణి సిస్టర్ బీపీ మిషన్ వదిలేసి పరిగెత్తుకొచ్చింది:
ఎవరికి కోమా? ఎప్పట్నించి?

త్రాగె అంటే మింగండి.
మా తాత చదివే పద్యాల్లో త్రాగె అంటే తాగేశాడనే.
అక్కడి ఆజ్ఞ ఇక్కడ అయిపోయిన పని,
ఎంత నమ్మకం, అనుకుంటూ
ఆవిడ గొంతు మీద రెండు వేళ్ళుంచి
ముడి పైకి లేస్తుందేమోనని చూశాను.
లేచింది. ఆరో రోజున.

చెల్లెలు నియెబెస్‌ది వేరే వ్యాకరణం.
ఆమెకి అక్క 'నువ్వు'. శాలువాల్లేవు.
ఆబ్లా, ఎల్వీరా, ఆబ్లా,
పంతొమ్మిది రోజులు, వార్డు ఫ్యాను తిరిగినట్టు.

టీచర్ ముందే చెప్పిందట, నేనే రాసుకోలేదు:
ఆబ్లా అంటే మాట్లాడు.
ఆబ్లా అంటే ఆమె మాట్లాడుతోంది కూడా.
బతిమాలినా అదే మాట, కబురు చెప్పినా అదే.
తేడా గొంతులో ఉంటుంది.

ఇరవయ్యో రోజు లిఫ్ట్ దగ్గర నన్ను పట్టుకుని
ఆబ్లా! ఆబ్లా! అని అరిచింది నియెబెస్.
నన్నే అడుగుతోందనుకుని
'ఏం మాట్లాడను?' అన్నాను, అదీ తెలుగులో.
చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

ఎల్వీరా గారు ఉన్న సగం మూతితో
చెల్లెలి వైపు విసుగ్గా చూసి అంది:
కాయా.
ఏం కాయ? మామిడా, నిమ్మా?
సంచిలోంచి నోట్‌బుక్ లాగాను, పేజీలు చేతికి తగల్లేదు,
కాయార్, ర్ తీసెయ్,

నోర్ముయ్.

క్రమ క్రియే. తోక సరిగ్గా తెగింది.
నియెబెస్ రెండు చేతులతో నోరు మూసుకుంది, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు.
అక్క మాట వినడం తనకదే మొదటిసారని
తర్వాత, కాంటీన్లో, చెప్పింది.