ఒకటికి ఇరవై

ముందు చెప్పుల పెట్టె లోపలికి వచ్చేది.
తర్వాత ఆవిడ.

లియేపాయలో గాలికి తలుపు తీయడం ఒక పని,
మూయడం ఇంకో పని.
వీపుతో నెట్టి మూసి, రంపపు పొట్టు మీద
పెట్టె దించేది వెల్గా స్ట్రౌట్మనె.
లోపల ఒకటికి ఇరవై కొలతలో
అగ్గిపుల్ల మనిషి, గోరంత కుర్చీ,
టీ డికాషన్‌లో ముంచి ఆరేసిన గాజుగుడ్డ సముద్రం.
"ఇల్గ్వార్స్, దీన్ని పెద్దది చెయ్యి."
అంతే.
ముప్పై ఒక్క ఏళ్ళు నా ఉద్యోగం అదే.

మొదటి నాటకంలో మాటలు ఆరు.
మిగిలిందంతా హెర్రింగ్ వలలు.
చేపల ఫ్యాక్టరీలో బతిమాలి తెచ్చాం,
ఎంత ఉతికినా కంపు పోలేదు.
పైనుంచి వల మెల్లగా దిగుతుంటే
పెళ్ళికూతురు మేలిముసుగు అనుకుంటుంది,
తండ్రి అప్పు అనుకుంటాడు.
మూడో వరసలో కమిటీ పెద్దమనిషి
కాగితం తీసి అడిగాడు: రచయిత ఎవరు?
"వల" అంది.

ఆ ఒక్క మాటకి నాలుగేళ్ళు
బొమ్మలాటల విభాగంలో నక్కలకు తోకలు కుట్టించారు.
అక్కడే చదువుకున్నానని చెప్పేది తర్వాత:
తోక సరిగ్గా కదిలితే
నక్క మొత్తం అక్కర్లేదట.

దేశం పేరు మారిన చలికాలం,
హాల్లో బొగ్గు లేదు, జీతాల్లేవు.
జనం కోట్లు విప్పకుండా కూర్చున్నారు.
వాళ్ళ వెనక నేల మీద ఒక్క దీపం పెట్టించింది.
రెండు వందల మంది ఊపిరి
పొగమంచులా లేచి వేదిక మీదికి నడిచింది.
అదే సెట్టు. ఖర్చు సున్నా.
పక్క సీటు ముసలమ్మ తన ఊపిరిని తానే చూసి
చేత్తో నోరు మూసుకుంది.
నేను మాత్రం ఒక్క మేకూ కొట్టలేదు ఆ నాటకానికి.
కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

బెర్గెన్ వాళ్ళు పిలిచారు. మీట నొక్కితే వాన.
తిరిగొచ్చి, నాకు తెచ్చిన ఉలి చేతిలో పెడుతూ అంది:
"బాగా తడిసింది. వాన మాత్రం కాదు."

అన్నీ మంచివే చెప్పను.
పదిహేడు డిగ్రీల వాలు కట్టమంది, కట్టాను.
నటుడు కస్పర్సన్స్ దాని మీంచి జారి చీలమండ విరగ్గొట్టుకుంటే
పరుగెత్తుకొచ్చి ముందు పలక చూసింది,
తర్వాత కాలు.
నేను మర్చిపోలేదు.
ఆవిడా మర్చిపోలేదేమో,
ఆ తర్వాత ఏ పెట్టెలోనూ వాలు పన్నెండు దాటలేదు.

చివరికి కళ్ళు ఓరల నుంచి
తెర దించుకుంటూ వచ్చాయి.
ఆఖరి పెట్టె మనవరాలి చెయ్యి పట్టుకుని తెచ్చింది.
మూత తీస్తే ఒక తలుపు. ఇంకేం లేదు.
వెలుతురు ఎటు నుంచి? అడిగాను.
అరచెయ్యి కుడి చెంపకు ఆనించుకుంది.
"ఇటు."
ఎంత పెద్దది?
"వెళ్ళేవాళ్ళు తల వంచాల్సినంత."

ఆవిడ కట్టించింది ఏదీ మిగల్లేదు.
నాటకం ఆడడం ఆగిన మర్నాడు
నేనే పార పట్టుకుని ఊడదీసేవాణ్ణి;
మేకులు ఒక డబ్బాలోకి, చెక్క ఇంకో నాటకంలోకి.

ఒక్క పలక దొంగిలించాను.
మూడో అంకంలో ఆకాశం.
తెల్లవారకముందు నీలం కావాలని
ఏడుసార్లు గీకించి మళ్ళీ వేయించింది.
ఇప్పుడది మా పెరట్లో కోళ్ళగూటి తలుపు.

పొద్దువాలితే వరసగా లోపలికి దూరతాయి,
వాటికేం పట్టదు.
ఒక చుక్కల పెట్ట మాత్రం గడప దగ్గర ఆగి
మెడ పక్కకి వంచి
ఆ నీలం కేసి చూస్తుంది.

గాలికి కొట్టుకోకుండా
తలుపు పట్టుకుని నిలబడతాను,
దాని చూడడం అయ్యేదాకా.