గడి లేని మాట

రాయపేట ఆస్పత్రి మూడో అంతస్తులో
స్టాప్‌వాచ్ నొక్కడం నా ఉద్యోగం.
కోదండపాణి గారి ముందు కాగితం పెట్టాను.
ఒక్కో అంకెకి ఒక్కో గుర్తు,
తొంభై సెకన్లలో ఎన్ని గడులు నింపితే అన్ని.

తిరువల్లిక్కేణి సందులో
తెలుగు అచ్చాఫీసు కంపోజిటరట.
"కన్ను ఈ మాట మీదుంటే
చెయ్యి పై మాట అరలో ఉండేదమ్మా,"
అన్నాడు తోడొచ్చిన మెషిన్‌మేన్ మునుసామి.
సీసపు అక్షరాల్ని తిరగేసి చదివిన కళ్ళు
నాలుగో గుర్తు దగ్గర
దూరంగా వచ్చే బస్సు నంబరు పోల్చుకుంటున్నట్టు
ఆగిపోయాయి.

ఇరవై ఒకటి.

అంతకు ముందే ఐదు మాటలు చెప్పి ఉన్నాను,
తాళం, నిమ్మకాయ, వంతెన, చిలుక, దుప్పటి.
చెప్పండి, అన్నాను.
తాళం.
చిలుక.
వేలు బల్ల మీద కుడికి జరిగింది, కిందికి,
వత్తుల అర తడుముతున్నట్టు.
"పొరుంగమ్మా, వరుం," అన్నాడు మునుసామి.
ఆగమ్మా, వస్తుంది.
ఆగే వీలు నాకు లేదు.
రెండు, అని వేశాను.

ఆ రాత్రి అన్నం కలుపుతుంటే తోచింది:
నేను మూడో మాట అంటున్నప్పుడు
ఆయన ఇంకా మొదటిదాన్ని అరలో సర్దుతున్నారేమో.
మిగిలినవి చేతికందక ముందే
నేలరాలాయేమో.
పోయింది మతిమరుపు ఖాతాలో రాశాను,
పోగొట్టింది నా వేగం కూడానేమో.

ఎందుకంటే, లిఫ్టు దాకా వెళ్ళిన మనిషి
వరండా అంతా వెనక్కి నడిచొచ్చి
బాకీ తీర్చినట్టు చెప్పారు,
"నిమ్మకాయ."
నా ఫారంలో దానికి గడి లేదు.
అంచున పెన్సిలుతో రాసుకున్నాను.

ఆరు నెలలకి, ముసురులో మళ్ళీ వచ్చారు.
ఈసారి మాటకీ మాటకీ మధ్య
నిబంధన మీరి ఆగాను.
ఓపీ గది ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను.
ఒక్కటీ రాలేదు.
అర నెమ్మదిగా తెరుచుకోవడం వేరు,
తెరిస్తే అందులో ఏమీ లేకపోవడం వేరు.
మునుసామి ఈసారి వరుం అనలేదు.
గొడుగు నీళ్ళు దులుపుతూ గుమ్మంలోనే ఉండిపోయాడు.

కోదండపాణి గారు నా బల్ల మీది
రబ్బరు స్టాంపు తీసి
వెల్లకిలా తిప్పి, ఇంకు మరకల్లో
ఎదురు తిరిగి ఉన్న నా పేరు
చదివేశారు, గడగడా.
"ఇక్కడ చుక్క అరిగిందమ్మా,
మార్పించు."

ఎన్ని సెకన్లు పట్టిందో తెలీదు.
వాచీ సొరుగులో ఉంది.