అంశం యాభై ఎనిమిది

నిన్న రాత్రే టైపు చేసి ఉంచాను
"కమిటీ కూలంకషంగా చర్చించి ఆమోదించడమైనది" అని,
అరవై రెండు సార్లు.
జరగని పనికి భూతకాలం తొడగడమే
పదకొండేళ్లుగా నా ఉద్యోగం.

ఆశీలమెట్ట మీద మబ్బు.
మూడో అంతస్తు హాల్లో ఏసీ గాలికి
అజెండా కాగితాలు పేపర్‌వెయిట్ల కింద
వలలో పడ్డ కవ్వళ్లలా కొట్టుకుంటున్నాయి.
అధ్యక్షులు వచ్చారు. సమోసాలూ వచ్చాయి.

ఒకటో అంశం. బీచ్ రోడ్డుకు దీపాలు, మూడు కోట్ల పది లక్షలు.
ఎవరో ఉలిక్కిపడ్డారు,
సమోసా నాలుక కాల్చిందని.
ఆమోదం.
పంతొమ్మిది. ముడసర్లోవ పైపులు,
అంచనా మీద నాలుగున్నర శాతం ఎక్కువ.
"నాలుక్కి దిగమనండి" అన్నారొకరు
పూర్ణా మార్కెట్లో వంకాయల ముందు నిలబడ్డట్టు.
దిగారు. ఆమోదం.
కోట్లు ఎప్పుడూ ఇంతే,
ఔటర్ హార్బర్లో పెద్ద ఓడల్లా సడి లేకుండా దాటిపోతాయి.
గోలంతా తెప్పల దగ్గరే.

యాభై ఎనిమిది దగ్గర ఆగింది.
పద్దెనిమిది వేల ఆరు వందల రూపాయలు.
తుపాను రాత్రి రెల్లివీధిలో నీరు తోడినందుకు
అద్దె మోటారు, డీజిలు, ఇద్దరు కూలీలు.
ఖర్చు పెట్టినవాడు శానిటరీ మేస్త్రి సోమాదుల దేముడుబాబు.
వచ్చింది ధృవీకరణ కోసం,
అంటే అయిపోయిన పనికి ఇప్పుడు అనుమతి కోసం.

"కొటేషన్లు మూడుండాలి కదా?"
"ఉత్తర్వు ఎవరిచ్చారు?"
"ఒక్క రాత్రికి నలభై లీటర్లా?"
"రేపు ప్రతి మేస్త్రీ ఇదే పాట పాడతాడు."
ఆడిట్ అభ్యంతరం నాలుగు పేజీలు,
ఆ కాగితం ఖరీదు ఎవరూ అడగలేదు.
నిబంధన తప్పని అనను.
పోయినేడు పూడిక తీయని గెడ్డకు బిల్లు పెట్టినవాడి సంతకమూ
ఇంత గుండ్రంగానే ఉంది.

దేముడుబాబుని పిలిచారు.
చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు,
విడవమని ఎవరూ అనలేదు.
చేతిలో క్యారీబ్యాగు,
అందులో తడిసి ఆరిన బంకు రశీదు, అంకెలు సగం మాయం.
"ఎవరు చెప్తే తోడావు?"
"ఎవలూ సెప్పనేదండి. ఫోన్లు పన్జెయ్యనేదు.
ఒంటిగంట రేతిరికి మంచం కోళ్లు మునిగిపోనాయి.
ముసిల్దొకర్తి బీరువా ఎక్కి కూకున్నాది.
మూడు కొటేసన్లంటే...
ఆ టయానికి మోటారే ఒక్కటుందండి."

ఎవరో ఏసీ రిమోట్ కోసం వెతికారు.

చివరి కుర్చీలో మైలపిల్లి నూకరత్నం.
రెండేళ్లలో మినిట్స్‌లో ఆమెవి సంతకాలే, మాట లేదు.
రశీదు అందుకుని వెలుతురుకు పట్టుకుంది.
"మాది జాలారిపేట. డీజిలు లెక్క నాకు తెల్సు.
గంటకి లీటరు పైచిలుకు తాగుద్ది ఆ మోటారు.
ఎన్ని గంటలు తోడావు?"
"రెండు రేతుర్లూ, మజ్జిన పగలూనండి."
"ఇక్కడ ఒక రాత్రని ఉందే?"
"రాసింది నాను కాదండి."

రాసింది నేను.
మొన్న సాయంత్రం, ఆఖరి బస్సు తప్పిపోతుందని,
అతను చెబుతుంటే సగం విని.
లేచి నిలబడి ఆ మాట చెప్పాను.
గొంతు నాది కానట్టుంది.

పదహారు వేలకు ఆమోదం.
మస్తరు లేదు కాబట్టి కూలీల రెండు వేల ఆరు వందలు కోత.
దేముడుబాబు దండం పెట్టి
బయట చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.
ఆ కూలీలకు అతనెప్పుడో ఇచ్చేసి ఉంటాడు.

ఒక రాత్రిని కొట్టేసి రెండు చేశాను.
పెన్ను కింది వరుసకు దిగింది,
కూలంకషంగా చర్చించి,
పదకొండేళ్లలో మొదటిసారి దాన్ని చదివాను.
అలాగే ఉంచేశాను.

తలెత్తేసరికి
అరవై రెండూ అయిపోయాయి.
ఎవరో సమోసా ప్లేటు నా వైపు జరిపారు.